చక్రాల గూళ్లు: కారు వీల్ ఆర్చ్‌లను ఎలా కడగాలి, తుప్పు నుంచి ఎలా కాపాడాలి

కారు కడగడం అయిపోయిందనుకున్నాక ఒక పని చేసి చూడండి. చేతికి గ్లవ్ తొడుక్కుని వెనక చక్రం పక్కన కూర్చోండి. చక్రం పైన బాడీ గుండ్రంగా వంగి ఉంటుంది కదా, ఆ అంచు కింది నుంచి వేళ్లు పోనిచ్చి, లోపలికి మడిచిన రేకు పైభాగాన్ని తడమండి. బయట పెయింటు అద్దంలా మెరుస్తున్న కార్లలో కూడా అక్కడ చాలాసార్లు వేలికి తడి మట్టే తగులుతుంది.

నా మొదటి కారును వారం తప్పకుండా కడిగేవాణ్ణి. చక్రాల పైనున్న గూళ్లలోకి పైపు పెట్టి ఒకసారి నీళ్లు కొట్టి, కనిపించే నల్ల ప్లాస్టిక్ శుభ్రపడితే చాలనుకునేవాణ్ణి. కొన్నేళ్లకు వెనక చక్రం పైన పెయింటు కింద చిన్న పొక్కు లేచింది. గోటితో నొక్కితే పెయింటు పెంకులా ఊడొచ్చింది. దాని వెనక రేకు లేదు. తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వచ్చి, చివరికి బయట కనిపించింది. ఆ భాగం కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి వీల్ ఆర్చ్ కడగడాన్ని నేను అందం కోసం చేసే పనిగా చూడడం లేదు. కనిపించే భాగం ఎంత మెరుస్తోందన్నది పక్కన పెట్టి, కనిపించని మడతలో మట్టి ఉందా లేదా అన్నదే చూస్తాను. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ మడత చుట్టూనే తిరుగుతుంది.

తుప్పు అక్కడే ఎందుకు మొదలవుతుంది

ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. వాన వెలిశాక బానెట్, డోర్లు కాసేపట్లో ఆరిపోతాయి. మడతలో కూరుకున్న మట్టి మాత్రం రోజుల తరబడి ఆరదు. రేకుకు తడిగుడ్డ చుట్టి ఉంచినట్టే అది చెమ్మను పట్టి ఉంచుతుంది. సముద్రపు గాలి వల్లనో, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వల్లనో ఆ మట్టిలో ఉప్పు చేరితే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, తుప్పు పట్టే వేగాన్నీ పెంచుతుంది. దీనికి తోడు టైరు విసిరే గులకరాళ్లు పెయింటును అక్కడక్కడా చిట్లగొడతాయి.

వెనక చక్రాల దగ్గర బయటి రేకునూ లోపలి రేకునూ అంచున కలిపి వెల్డింగ్ చేసి, సందును సీలెంట్‌తో మూస్తారు. ఏళ్లు గడిచి ఆ సీలెంట్ పగిలితే నీళ్లు రెండు రేకుల మధ్యకు చేరతాయి. ముందు చక్రాల దగ్గర సాధారణంగా ప్లాస్టిక్ లైనర్, అంటే గూటి లోపల అమర్చే తొడుగు ఉంటుంది. అది రాళ్లను ఆపుతుంది, కానీ దాని వెనక, ఫెండర్ (ముందు చక్రం పైనుండే బయటి రేకు) డోరు వైపు కింది మూలలో ఎండుటాకులు, మట్టి పేరుకుంటాయి. బయటి నుంచి ఎంత కడిగినా అవి కనిపించవు.

కొన్ని కార్లలో వెనక వైపు గుడ్డలాంటి ఫెల్ట్ లైనర్ ఉంటుంది. రోడ్డు చప్పుడు తగ్గించడం కోసం దాన్ని పెడతారు. మరికొన్నిటిలో లైనరే ఉండదు, రేకు మీద నల్లటి కోటింగ్ మాత్రం ఉంటుంది. మీ కారుకు ఏది ఉందో టార్చి వేసి ముందే చూసుకోండి. వీటన్నిటినీ ఒకేలా కడగకూడదు, ఒకేలా పూతా వేయకూడదు.

దగ్గర పెట్టుకోవలసినవి

నీళ్ల పైపు లేదా ప్రెషర్ వాషర్, పొడుగు పిడి ఉన్న మెత్తని బ్రష్షు, మడతల్లోకి దూరే సన్నటి బ్రష్షు, రెండు బకెట్లు, కారు షాంపూ, జిడ్డు వదిలించే ఆల్ పర్పస్ క్లీనర్, పాత గుడ్డలు, టార్చి, గ్లవ్స్, కళ్లద్దాలు. పడుకుని పైకి చూస్తూ బ్రష్షు కొట్టేటప్పుడు బురద నేరుగా కళ్లలో పడుతుంది, అందుకే కళ్లద్దాలు తప్పనిసరి. ఈ పనికి వాడిన బ్రష్షును, గుడ్డను మళ్లీ బాడీ మీద వాడకండి. వాటిలో ఇరుక్కున్న ఇసుక రేణువులు పెయింటు మీద గీతలు పెడతాయి.

చక్రం విప్పి లోతుగా కడగాలనుకుంటే జాకీ, బండి బరువు మోసే స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు, వీల్ స్పానర్, నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ కూడా కావాలి. లైనర్ విప్పాలంటే స్క్రూడ్రైవర్, క్లిప్పులు ఊడదీసే చిన్న పట్టుకారు ఉంటే పని తేలిక. పాత ప్లాస్టిక్ క్లిప్పులు తీసేటప్పుడు విరుగుతాయి కాబట్టి కొన్ని కొత్తవి ముందే తెచ్చి ఉంచుకోండి.

కిరోసిన్, పెట్రోలు, డీజిల్ మాత్రం వాడకండి. జిడ్డు వదులుతుందన్న మాట నిజమే. కానీ అవి చక్రాల దగ్గరి కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లను, జాయింట్లను కప్పే రబ్బరు తొడుగులను (వీటినే బూట్లు అంటారు) ఉబ్బేలా చేసి పాడుచేస్తాయి. పైగా నిప్పు ప్రమాదం.

చక్రం విప్పకుండా కడగడం

మామూలు రోజుల్లో ఈ పద్ధతి చాలు. బాడీ కడగడానికి ముందే దీన్ని పూర్తి చేయండి. బాడీ కడిగాక గూళ్లలో నీళ్లు కొడితే బురద ఎగిరి కడిగిన డోర్ల మీద పడుతుంది.

దూరం నడిపి వచ్చిన వెంటనే మొదలుపెట్టకండి. బ్రేక్ డిస్కులు బాగా వేడిగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లు పడితే అవి వంకర తిరగవచ్చు, పగుళ్లూ రావచ్చు. చక్రం దగ్గర చెయ్యి పెడితే వేడి తగలనంతవరకు ఆగండి. నీడలో నిలపండి, ఎండలో అయితే క్లీనర్ మరక కట్టి ఎండిపోతుంది. ముందు చక్రాలు కడిగేటప్పుడు స్టీరింగ్‌ను ఒక వైపుకు పూర్తిగా తిప్పితే గూడు లోపలి సగం తెరుచుకుంటుంది. అది అయ్యాక రెండో వైపుకు తిప్పండి.

ముందు ఒట్టి నీళ్లతో తడపండి. ఎండి గట్టిపడ్డ బురద మీద బ్రష్షు పెడితే పని పెరగడమే తప్ప మట్టి రాదు. తడిపి పది నిమిషాలు వదిలేసి, మళ్లీ తడపండి. నల్లమట్టి, బంకమట్టి అయితే ఈ నానబెట్టే పనికి ఇంకాస్త సమయం ఇవ్వండి. నానిన మట్టి సగం దానంతటదే జారిపోతుంది.

ప్రెషర్ వాషర్ ఉంటే నీళ్లు విసనకర్రలా పరుచుకునే నాజిల్ పెట్టి, కనీసం 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. సన్నటి ధారను దగ్గర నుంచి కొడితే వదులైన కోటింగ్ లేచిపోతుంది, ఫెల్ట్ పీచులు ఊడతాయి, టైరు పక్కగోడ కూడా దెబ్బతినవచ్చు. చక్రం దగ్గరికి వచ్చే సన్నటి వైరు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్‌ది. దాని కనెక్టర్ మీదకు, బ్రేకు గొట్టాల చివర్ల మీదకు, చక్రాన్ని తిప్పే కడ్డీ అయిన డ్రైవ్ షాఫ్ట్ చివర ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు బూటు మీదకు, షాక్ అబ్జార్బర్ సీలు మీదకు ధారను నేరుగా పెట్టకండి.

మట్టి జారిపోయాక క్లీనర్. చాలా ఆల్ పర్పస్ క్లీనర్లను ఈ పనికి ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి వాడొచ్చు, జిడ్డు ఎక్కువగా ఉంటే నీళ్లు తగ్గిస్తారు. మీ సీసా మీద ఏం రాసి ఉందో అదే పాటించండి. కింది నుంచి పైకి చల్లండి. పైనుంచి చల్లితే కారిన చారలు కింది పొడి భాగం మీద మరకలవుతాయి. మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచండి, ఎండనివ్వకండి. ఆ తర్వాత బ్రష్షు పట్టి గూడు పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రండి. ఘాటైన క్లీనర్ అల్లాయ్ చక్రాల మీద పడితే వెంటనే కడిగేయండి, పూత పోయిన అల్యూమినియం మీద అది మచ్చ వేస్తుంది.

ఇప్పుడు మడత. సన్నటి బ్రష్షుతో, లేదంటే వేలికి గుడ్డ చుట్టి, అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా లోపలి మట్టిని బయటికి లాగండి. చక్రం ముందు, వెనక అంచు కిందికి దిగే చోట్ల మట్టి ఎక్కువ ఉంటుంది. మడ్ ఫ్లాప్ ఉంటే దానికీ బాడీకీ మధ్య సందు కూడా చూడండి. తర్వాత నీళ్లు పెట్టి, కారే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఒక నిమిషం ఆగి మళ్లీ వేలితో తడమండి. నా అనుభవంలో రెండోసారి కూడా ఎప్పుడూ కాస్త మట్టి వస్తుంది.

తారు మచ్చలు ఈ క్లీనర్‌కు లొంగవు. వాటికి తారు రిమూవర్ ఉంటుంది, గుడ్డకు తడిపి అద్ది, మెత్తబడ్డాక తుడవాలి. కొత్త రోడ్డు మీద వెళ్లి వచ్చిన వారంలోనే తీస్తే తేలిగ్గా వస్తుంది.

ఫెల్ట్ లైనర్ విషయంలో కొంచెం ఓపిక కావాలి. అది నీళ్లు పీల్చుకుంటుంది, మట్టినీ పీల్చుకుంటుంది. తక్కువ ఒత్తిడితో ఎక్కువ నీళ్లు పోయండి, మెత్తని బ్రష్షుతో ఒకే దిశలో దువ్వండి, సబ్బు పూర్తిగా పోయేదాకా కడగండి. లోపల మిగిలిన సబ్బు మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది.

కడిగిన నీళ్లలో జిడ్డు, బ్రేకు పొడి, తారు ఉంటాయి. అవి చెరువులోకో వాన నీటి కాలువలోకో వెళ్లని చోట ఈ పని చేయండి.

చక్రం విప్పి లోతుగా కడగడం

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, అవి అయ్యాక ఒకసారి చక్రాలు విప్పి చూస్తే మంచిది. మంచు పడే చోట అయితే చలికాలం ముందు, వెనక. ఇందులో కడగడం కంటే చూడటం ముఖ్యం.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు ముందు. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, ఎత్తని వైపు చక్రాలకు ముందు వెనక చెక్కలు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేయండి. మాన్యువల్‌లో చూపిన చోటే జాకీ పెట్టండి. ఎలక్ట్రిక్ కారు అయితే దీన్ని మరీ జాగ్రత్తగా పాటించాలి, జాకీ తప్పు చోట పడితే కింద ఉన్న బ్యాటరీ పెట్టెకు దెబ్బ తగులుతుంది. లేపిన వెంటనే స్టాండు పెట్టి బరువు దాని మీదకు దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని గూట్లో తల పెట్టకండి, చెయ్యి కూడా పెట్టకండి. జాకీ జారిందంటే తప్పుకునే సమయం దొరకదు.

చక్రం తీశాక లోపలంతా కళ్లముందుకు వస్తుంది. బ్రేకు దగ్గర పేరుకున్న పొడిని గాలి కొట్టి ఎగరగొట్టకండి. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడని పొడి. నీళ్లతో తడిపి కడగండి. లైనర్ తీయగలిగితే దాని స్క్రూలు, క్లిప్పులు ఏవి ఎక్కడివో ఫోన్‌లో ఫొటో తీసుకుని విప్పండి. పూర్తిగా తీయలేకపోయినా కింది చివర రెండు మూడు క్లిప్పులు విప్పి లైనర్‌ను కొంచెం పక్కకు వంచితే ఫెండర్ మూల అందుతుంది. అక్కడి ఆకుల ముద్దను చేత్తోనే తీయండి. నీళ్లు కొడితే అది ఇంకా లోపలికి వెళ్లి నీళ్లు బయటికి పోయే రంధ్రాలను మూసేస్తుంది. తీసేశాక నీళ్లు పోసి, ఆ రంధ్రాల నుంచి కిందికి కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే మెత్తని ప్లాస్టిక్ తీగతో నెమ్మదిగా పొడవండి.

కడిగాక టార్చి పట్టుకుని తీరిగ్గా చూడండి. పెయింటు కింద పొక్కులు, సీలెంట్ పగుళ్లు, రేకు మీద గోధుమ రంగు చారలు ఉన్నాయా? గూడు గోడ మీద గ్రీజు చుక్కలు వలయంలా చిమ్మి ఉంటే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు చిరిగిందని అర్థం. ఆ బూటును వెంటనే మార్పిస్తే జాయింటు మిగులుతుంది. షాక్ అబ్జార్బర్ ఒళ్లంతా తడి నూనెతో ఉందంటే సీలు పోయింది. టైరు లోపలి వైపు అరుగుదల కూడా ఇప్పుడే కనిపిస్తుంది. లైనర్‌కు క్లిప్పులు లేకపోతే వెంటనే పెట్టండి, వేలాడే లైనర్ టైరుకు రాసుకుని చిరుగుతుంది.

తుప్పు కనిపిస్తే

పైపైన పట్టిన తుప్పు అయితే ఇంట్లోనే ఆపవచ్చు. వైర్ బ్రష్షుతో పొట్టు రాల్చి, 80 నంబరు ఎమరీ పేపర్‌తో మెరిసే లోహం కనిపించేదాకా రుద్దండి. ఆ తర్వాత 180 నంబరుతో చుట్టూ ఉన్న పెయింటు అంచును నునుపు చేయండి. మూతికి మాస్కు ఉండాలి. గుంటల్లో మిగిలిన తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ పూస్తే అది తుప్పుతో కలిసి నల్లటి పొరగా మారుతుంది. అది ఆరాక ప్రైమర్, ఎపాక్సీది అయితే మేలు. సందుల్లో పగిలిన సీలెంట్ గీకి తీసేసి కొత్తది పెట్టండి.

స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు రేకు గట్టిగా మోగకుండా మెత్తగా వినిపించినా, గుచ్చితే దిగినా, అది పూతలతో ఆగే దశ దాటింది. వెల్డింగ్ తెలిసిన వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. తుప్పు మీద నేరుగా మందపాటి నల్ల కోటింగ్ కొట్టి దాచేయడం నేను చాలాసార్లు చూశాను. అది చూస్తే నిజంగా బాధేస్తుంది. పైకి కొత్తగా కనిపిస్తుంది, లోపల చెమ్మ బయటికి పోయే దారి లేక రేకు ఇంకా తొందరగా పోతుంది. పాత కారు కొనేటప్పుడు గూళ్లలో మాత్రమే తాజా నలుపు కనిపిస్తే ఒకసారి తట్టి చూడండి.

పూత ఏది, ఎలా

పూత వేసే ముందు రేకు పూర్తిగా ఆరాలి. గాలి ఊది నీళ్లు పోగొట్టే బ్లోయర్ ఉన్నా సరే, మడతలు ఆరడానికి ఒక రోజు ఇవ్వండి. తొందరపడి తడి మీద పూస్తే మీరే చెమ్మను లోపల పెట్టి మూసినట్టు.

రబ్బరు లేదా తారు గుణమున్న అండర్‌బాడీ కోటింగ్ ఆరి గట్టి పొర అవుతుంది. గులకరాళ్ల దెబ్బను బాగా తట్టుకుంటుంది, చప్పుడూ తగ్గిస్తుంది. దాని బలహీనత ఏమిటంటే ఎక్కడైనా పగిలితే ఆ పగులు వెనక నీళ్లు చేరతాయి, పైకి తెలియదు. మైనం గుణమున్న పూత పూర్తిగా గట్టిపడదు. సందుల్లోకి పాకుతుంది, చిన్న గీతలను తానే మూసుకుంటుంది. కానీ టైరు విసిరే నీటికి, రాళ్లకు అరిగిపోతుంది కాబట్టి ఏడాదికోసారి చూసి మళ్లీ వేయాలి. నేను రెండూ వాడతాను. రాళ్లు నేరుగా తగిలే గూడు పైకప్పు మీద గట్టి కోటింగ్, మడతల్లో, లైనర్ వెనక, ఫెండర్ మూలల్లో మైనపు పూత. ఒక్కటే వేయగలిగితే మడతలకు మైనం వేయమంటాను.

పూయడానికి ముందు టేపు, పాత కాగితాలతో బ్రేక్ డిస్కు, దాన్ని నొక్కిపట్టే క్యాలిపర్, షాక్ అబ్జార్బర్, స్ప్రింగు, రబ్బరు బుష్‌లు, బ్రేకు గొట్టాలు, సెన్సర్, దగ్గరలో ఉంటే సైలెన్సర్ గొట్టం, అన్నిటినీ కప్పండి. బ్రేకు డిస్కు మీద ఒక్క చుక్క మైనం పడినా బ్రేకు పట్టు తగ్గుతుంది. నీళ్లు పోయే రంధ్రాల్లో చిన్న గుడ్డ ముక్కలు పెట్టి, పని అయ్యాక గుర్తుంచుకుని తీసేయండి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, డబ్బాను 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని పలుచగా కొట్టండి. ఒకేసారి మందంగా కొడితే పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆగి రెండో పొర, అవసరమైతే మూడోది.

ప్లాస్టిక్ లైనర్‌కు ఈ పూతలేవీ అక్కర్లేదు. నలుపు కావాలనుకుంటే నీటి ఆధారిత ప్లాస్టిక్ డ్రెస్సింగ్ స్పాంజితో పలుచగా రుద్దండి. జిడ్డుగా ఉండేవి దుమ్మును పట్టుకుంటాయి. ఫెల్ట్‌కు మైనం, కోటింగ్, డ్రెస్సింగ్ ఏదీ వద్దు, అది శుభ్రంగా ఆరితే చాలు.

చక్రం తిరిగి బిగించడం

చక్రం, దాన్ని బిగించే హబ్ కలిసే చోటు శుభ్రంగా ఉండాలి, అక్కడ పూత చుక్కలు పడితే తుడిచేయండి. నట్లను ముందు చేత్తో తిప్పి, తర్వాత స్పానర్‌తో ఎదురెదురుగా నక్షత్రం గీసినట్టు బిగించండి. చివరి బిగింపు కారు నేల మీదకు దించాక టార్క్ రెంచ్‌తో. చాలా చిన్న, మధ్య తరహా కార్లకు ఇది సుమారు 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు అంకె మాన్యువల్‌లో ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మరోసారి సరిచూడండి.

బయలుదేరగానే వేగం అందుకోకండి. తడి బ్రేకులు మొదట సరిగా పట్టవు. ఖాళీ చోట నెమ్మదిగా నడుపుతూ నాలుగైదు సార్లు మెల్లగా బ్రేకు నొక్కితే డిస్కులు ఆరతాయి, పట్టు మామూలుగా ఉందని తెలిశాకే రోడ్డెక్కండి. ఆ తర్వాత కారు కడిగిన ప్రతిసారీ గూళ్లలో నీళ్లు పెట్టి, మడతను వేలితో ఒకసారి తడమండి. ఉప్పు రోడ్ల మీదో సముద్రం పక్కనో నడిపే రోజుల్లో వారం, పది రోజులకోసారి ఒట్టి నీళ్లతోనైనా కడగండి. బురద దారిలో వెళ్లి వస్తే అది ఎండకముందే, ఆ సాయంత్రమే.